సర్వో తిప్పగానే బండి ఎందుకు ఆగిపోతోంది?

ఈసారి రిమోట్ కార్ల మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: హెచ్‌వీ సర్వోకి, అంటే చక్రాలని పక్కకి తిప్పే స్టీరింగ్ మోటారు పెట్టెల్లో (సర్వోల్లో) ఎక్కువ వోల్టేజీ మీద నడిచేదానికి, కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలి? అందుకని నాలుగూ ఒకేచోట వేస్తున్నాను. పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో 27 ఏళ్లు పనిచేశాను. తొమ్మిదేళ్లుగా మా అబ్బాయితో కలిసి హనుమకొండ చుట్టుపక్కల రాతిగుట్టల మీద క్రాలర్లు, అంటే రాళ్లెక్కే రిమోట్ కార్లు, నడుపుతున్నాను. కింద రాసినవి ఆ రెండు చోట్లా చేత్తో చేసి, మీటరు పెట్టి చూసిన సంగతులు.

ప్రశ్న: మేడమ్, నా దగ్గర 1/10 స్కేల్ క్రాలర్ ఉంది. దాంతో వచ్చిన సర్వో పళ్లు అరిగిపోతే 25 కేజీల బలం ఉన్న హెచ్‌వీ సర్వో కొన్నాను. లేబుల్ మీద 6.0 నుంచి 8.4 వోల్టులు అని ఉంది. బ్యాటరీ 3ఎస్ లైపో (మూడు లిథియం పాలిమర్ సెల్లులు వరుసగా ఉన్నది). చదునైన నేల మీద బాగానే తిరుగుతుంది. రాళ్ల మధ్య చక్రం ఇరుక్కున్నప్పుడు స్టీరింగ్ తిప్పితే మాత్రం రిసీవర్ లైటు ఒక్క క్షణం ఆరిపోతుంది, బండి మొత్తం ఆగిపోతుంది, సెకను తర్వాత మళ్లీ వస్తుంది. బలం కూడా పాత సర్వోకీ దీనికీ పెద్ద తేడా లేదు. సర్వో పోయిందని, ఇంకొకటి కొనుక్కోమని దుకాణంలో అంటున్నారు. నేరుగా బ్యాటరీకి కలిపేయమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె) మీద బీఈసీ (అందులోనే రిసీవర్‌కీ సర్వోకీ కరెంటు ఇచ్చే భాగం) 6 వోల్టులు, 2 ఆంపియర్లు అని రాసి ఉంది. రిసీవర్ ఫ్లైస్కై జీఆర్3ఈ. సర్వోకి 2,800 రూపాయలు పెట్టాను, చాలా టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి, ఖమ్మం

జవాబు: ముందు ఒక్క మాట. మీ ఫ్రెండ్ చెప్పినట్టు ఆ సర్వోని బ్యాటరీకి నేరుగా కలపకండి. మీది 3ఎస్. నిండా చార్జ్ చేస్తే సెల్లుకి 4.2 చొప్పున 12.6 వోల్టులు ఉంటుంది. మీ సర్వో తట్టుకునేది 8.4. కలిపితే లోపలి బోర్డు కాలిపోతుంది. ఆ సలహా 2ఎస్ బ్యాటరీ వాళ్లకి పనికొస్తుంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండోది, మీ సర్వో పోయిందని నేను అనుకోవడం లేదు. చదునైన నేల మీద బాగా తిరుగుతోందంటే పళ్లూ మోటారూ బోర్డూ బాగున్నట్టే. మీరు రాసినదాంట్లో అసలు ఆనవాలు రిసీవర్ లైటు ఆరడం. సర్వో గట్టిగా లాగిన క్షణంలో రిసీవర్‌కి వోల్టేజీ అందడం లేదు. అది ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది. ఆ సెకను పాటు బండి మీ మాట వినదు.

జనగామ దగ్గర మా ఊళ్లో బావి మోటారు స్విచ్చి వేయగానే ఇంట్లో బల్బు ఎర్రబడేది. మోటారు వేగం అందుకున్నాక మళ్లీ తెల్లగా వెలిగేది. ఆగి ఉన్న మోటారు కదలడానికి లాగే కరెంటు, తిరుగుతున్నప్పుడు లాగేదానికి ఎన్నో రెట్లు. స్తంభం నుంచి వచ్చిన సన్నటి సర్వీసు వైరు అంత మోయలేక వోల్టేజీ పడిపోయేది. మీ బండిలో సర్వో ఆ మోటారు, రిసీవర్ ఆ బల్బు, ఈఎస్‌సీలో ఉన్న బీఈసీ ఆ సర్వీసు వైరు. బల్బు మసకబారితే మనం మోటారు మార్చం కదా.

ఇక లెక్క చూద్దాం. సర్వోలో ఉండేది చిన్న డీసీ మోటారు. అడ్డు లేకుండా తిరిగేటప్పుడు అర ఆంపియరో, ఒక ఆంపియరో తీసుకుంటుంది. చక్రం ఇరుక్కుని షాఫ్టు కదలకపోతే దాన్ని స్టాల్ అంటాం. అప్పుడు మోటారు వైండింగు రెసిస్టెన్స్ ఒక్కటే కరెంటుని ఆపుతుంది. 6 వోల్టుల దగ్గర స్టాల్‌లో 3 ఆంపియర్లు లాగే మోటారు అనుకోండి. అంటే వైండింగు 2 ఓములు. దానికే 8.4 వోల్టులు ఇస్తే 4.2 ఆంపియర్లు లాగుతుంది. వాట్లలో 18 నుంచి 35కి వెళ్లింది, దాదాపు రెట్టింపు. వోల్టు పెంచితే ఆంపియర్ తగ్గుతుందని ల్యాబ్‌లో ప్రతి ఏడూ ఎవరో ఒకరు నాతో వాదించేవారు. అది ట్రాన్స్‌ఫార్మర్ పాఠం. స్టాల్‌లో ఉన్న మోటారు వట్టి రెసిస్టరే, దాని మీద వోల్టు పెరిగితే కరెంటూ పెరుగుతుంది. హెచ్‌వీ సర్వో కొనేవాళ్లలో చాలామంది వోల్టులు చూసుకుంటారు, ఆంపియర్లు చూసుకోరు. మీకు జరిగింది అదే. ఇరుక్కున్నప్పుడు 3 ఆంపియర్లకి పైగా అడిగే సర్వోని 2 ఆంపియర్ల బీఈసీకి తగిలించారు.

బలం తేడా కనిపించకపోవడానికీ కారణం ఉంది. లేబుల్ మీద వేసే కేజీల అంకె మామూలుగా ఆ సర్వోకి ఇవ్వగల అత్యధిక వోల్టేజీ దగ్గరది. టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు వోల్టేజీకి అనుగుణంగా మారుతుంది. 8.4 దగ్గర 25 అయితే 6 దగ్గర సుమారు 18. ఆ కేజీలు కూడా షాఫ్టు నడిబొడ్డు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో లెక్క. మీ సర్వో హారన్ (షాఫ్టుకి బిగించే చేయి) రెండు సెంటీమీటర్లది అయితే లింకు దగ్గర మిగిలేది 9. పైగా మీ బీఈసీ ఆ సమయంలో 6 వోల్టులు కూడా నిలబెట్టడం లేదు. బలం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ 6 వోల్టుల అలవాటు ఎలా వచ్చిందో కూడా చెబుతాను, అది తెలిస్తే లేబుళ్లు చదవడం తేలికవుతుంది. వెనకటి రిమోట్ కార్లలో మోటారుకి ఒక బ్యాటరీ, రిసీవర్‌కీ సర్వోకీ విడిగా నాలుగు పెన్సిల్ సెల్లుల పెట్టె ఉండేవి. మామూలు ఆల్కలైన్ సెల్లులు నాలుగైతే 6 వోల్టులు. చార్జ్ చేసుకునే నికెల్ కాడ్మియం సెల్లులు నాలుగైతే 4.8. పాత సర్వోల డబ్బాల మీద 4.8, 6.0 అని రెండు అంకెలు ఉండేది అందుకే. తర్వాత ఈఎస్‌సీలోనే ఒక చిన్న సర్క్యూటు పెట్టి పెద్ద బ్యాటరీ నుంచి ఆ 5, 6 వోల్టులు తీశారు. విడి బ్యాటరీ అక్కర్లేకుండా చేసింది కాబట్టి దానికి బ్యాటరీ ఎలిమినేటర్ సర్క్యూట్, బీఈసీ, అని పేరు. హెచ్‌వీ సర్వోలు లైపోలతో పాటు వచ్చాయి. 2ఎస్ లైపో మామూలుగా 7.4, నిండితే 8.4. ఈ రెండు అంకెల మధ్యా గందరగోళం ఉంది, జాగ్రత్త. కొన్ని సర్వోల మీద 7.4 అని రాస్తే 2ఎస్ బ్యాటరీకి సరిపోతుందని, అంటే 8.4 దాకా పరవాలేదని అర్థం. కొన్నింటికి 7.4 నిజంగానే ఆఖరి హద్దు. మీ లేబుల్ 8.4 అని తేల్చి చెబుతోంది, కాబట్టి మీకు ఆ బెంగ లేదు.

ఇప్పుడు చేయాల్సిన పని. మీకు రెండు హద్దులున్నాయి. ఒకటి బీఈసీ 2 ఆంపియర్లు. రెండోది మీరు గమనించారో లేదో, మీ జీఆర్3ఈ రిసీవర్ 4.5 నుంచి 6.5 వోల్టుల వరకే పనిచేస్తుంది. రిసీవర్‌లో అన్ని ఛానళ్ల (ప్లగ్గులు గుచ్చే చోట్ల) ప్లస్ పిన్నులూ లోపల ఒకే పట్టీకి కలిసి ఉంటాయి. ఏ ఒక్క ఛానల్లో 7.4 పెట్టినా రిసీవర్‌తో సహా అన్నింటికీ 7.4 వెళ్తుంది. కాబట్టి సర్వోకి విడి దారి వేయాలి. రిసీవర్‌కి ఈఎస్‌సీ నుంచి వచ్చే 6 వోల్టులు అలాగే ఉండనివ్వండి. సర్వోకి మాత్రం బయటి బీఈసీ నుంచి 7.4 ఇవ్వండి.

దుకాణంలో యూబీఈసీ (విడిగా అమ్మే బీఈసీ) అని అడిగితే ఎక్కువగా 3 ఆంపియర్లది, 5, 6 వోల్టులకి జంపరు ఉన్నది చేతిలో పెడతారు. అది మీకు పనికిరాదు. 7.4 ఇచ్చేది, ఆగకుండా 5 ఆంపియర్లు మోసేది, 3ఎస్ తట్టుకునేది, స్విచింగ్ రకంది కావాలని చెప్పండి. ఆంపియర్ల దగ్గర ఒక కిటుకు ఉంది. పెద్ద అక్షరాల్లో వేసేది తరచుగా క్షణకాలపు హద్దు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నదే ఆగకుండా ఇచ్చేది. కాసిల్ వాళ్ల 10 ఆంపియర్ల బీఈసీ మంచిదే. కానీ ఆ 10 కూడా పీక్. పైగా ఫ్యాక్టరీ నుంచి 5 వోల్టుల దగ్గర పెట్టి వస్తుంది. మార్చాలంటే కంప్యూటరుకి కలిపే కాసిల్ లింక్ అనే పరికరం కావాలి. అది కొనకుండా బీఈసీ ఒక్కటే తెచ్చుకుని, సర్వో ఇంకా నీరసంగా ఉందని నాకు రాసినవాళ్లు ఉన్నారు.

డబ్బు పొదుపు చేయాలంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఎక్స్ఎల్4015 చిప్పు ఉన్న 5 ఆంపియర్ల స్టెప్ డౌన్ బోర్డు అడగండి. 8 వోల్టుల నుంచి 36 దాకా తీసుకుంటుంది, మీ 3ఎస్‌కి సరిపోతుంది. దాని మీద నీలం రంగు ట్రిమ్మర్ ఉంటుంది. సర్వో కలపక ముందే బ్యాటరీ ఇచ్చి, మల్టీమీటర్ పెట్టి, ట్రిమ్మర్ తిప్పుతూ 7.4 దగ్గర ఆపండి. తర్వాత ట్రిమ్మర్ స్క్రూ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ వేయండి. రాళ్ల మీద అదురుకి అది దానంతటదే తిరిగితే వోల్టేజీ పెరిగిపోతుంది. చిప్పుకి చిన్న హీట్ సింక్ అతికించి, బోర్డు మొత్తానికి వెడల్పాటి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి, హీట్ సింక్ మాత్రం బయటికి ఉండాలి. 8.4 దాకా అవకాశం ఉన్నా 7.4 దగ్గర ఎందుకు ఆపమంటున్నానంటే, క్రాలర్ స్టీరింగ్ రోజంతా ఇరుక్కుంటూనే ఉంటుంది. స్టాల్‌లో కదలిక లేదు కాబట్టి లోపలికి వెళ్లిన వాట్లన్నీ వేడే. మా రెండు బండ్లూ నేను 7.4 మీదే నడుపుతున్నాను.

వైరింగ్ ఇలా. బయటి బీఈసీ ఇన్‌పుట్ రెండు వైర్లనీ ఈఎస్‌సీ బ్యాటరీ వైర్ల మొదట్లో, కనెక్టర్ దగ్గర, టంకం పెట్టండి. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. ఆ ఎరుపు వైరులో కారు ఎలక్ట్రీషియన్ దగ్గర దొరికే ఏడున్నర ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు ఒకటి వేయండి. వైరు ఎక్కడైనా ఒరిసి షార్ట్ అయితే లైపో ఇచ్చే కరెంటుకి అడ్డూ ఆపూ ఉండదు. సర్వో నుంచి మూడు వైర్లు వస్తాయి: గోధుమ రంగో నలుపో మైనస్, మధ్యలో ఎరుపు ప్లస్, నారింజో తెలుపో సిగ్నల్. రిసీవర్‌కి వెళ్లే ప్లగ్గులో మధ్య పిన్నుని సూది మొనతో ప్లాస్టిక్ నాలుక ఎత్తి బయటికి లాగండి. ఆ ఎరుపు వైరుని బీఈసీ ప్లస్‌కి కలపండి. మైనస్‌ని బీఈసీకీ ఇవ్వాలి, రిసీవర్‌కీ ఉంచాలి. ఇది మరిచిపోయేవాళ్లు చాలామంది. రిసీవర్ పంపే సిగ్నల్ మైనస్‌తో పోల్చి చూస్తేనే సర్వోకి అర్థమవుతుంది. మైనస్ రెండింటికీ ఒకటే కాకపోతే సర్వో వణుకుతుంది, లేదా అసలు కదలదు.

వైరు మందం కూడా చూడండి. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు 26 గేజీది. 30 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ అంటే పోయే దారి, వచ్చే దారి కలిపి 60. దాని మీద 4 ఆంపియర్లు పోతే మూడో వంతు వోల్టు వైరులోనే పోతుంది. 22 గేజీ వాడితే అందులో సగం కన్నా తక్కువ పోతుంది. అసలు బీఈసీని సర్వో పక్కనే పెడితే ఇంకా మంచిది.

మీ రిసీవర్ మార్చేసి, ఎక్కువ వోల్టేజీ తట్టుకునేది పెట్టుకుంటే పని ఇంకా తేలిక. బయటి బీఈసీని ఖాళీ ఛానల్లో గుచ్చితే రిసీవర్‌కీ సర్వోకీ రెండింటికీ అదే ఇస్తుంది. అలా చేసేటప్పుడు మాత్రం ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కి వచ్చే ప్లగ్గులో ఎరుపు వైరు తీసేసి, చివర టేపు చుట్టాలి. నా మొదటి క్రాలర్‌కి నేనా వైరు తీయలేదు. ఒకే పట్టీ మీద ఈఎస్‌సీ 6 ఇస్తోంది, బయటి బీఈసీ 7.4 ఇస్తోంది. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు ఈఎస్‌సీలో బీఈసీ భాగం కాలిపోయింది. విప్పి చూస్తే రెగ్యులేటర్ పక్కన బోర్డు నల్లగా ఉంది. ల్యాబ్‌లో పిల్లలకి రెండు సప్లైలు ఒకదానికొకటి గుచ్చవద్దని చెప్పిన చేత్తోనే ఆ పని చేశానని చాలా రోజులు బాధపడ్డాను.

అన్నీ కలిపాక పరీక్ష. చక్రాన్ని ఇటుకకి ఆనించి స్టీరింగ్ తిప్పండి, రెండు సెకన్లకి మించి పట్టకండి. రిసీవర్ లైటు ఆరకూడదు. మీటరులో కనిష్ఠం గుర్తుపెట్టుకునే బటన్ ఉంటే సర్వో దగ్గర పెట్టి చూడండి. 7 కంటే కిందికి పోతే వైరో కనెక్టరో సన్నగా ఉన్నట్టు. తర్వాత ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్ (స్టీరింగ్ ఎంతవరకు తిరగాలో చెప్పే హద్దు) సరిచేయండి. చక్రం పూర్తిగా తిరిగి ఇనుముకి ఇనుము తగిలాక కూడా సర్వో ఇంకా తొయ్యాలని చూస్తూ గుయ్యిమంటుంటే, బండి కదలకుండానే స్టాల్‌లో ఉన్నట్టు. ఆ గుయ్యిమనే చప్పుడు ఆగేదాకా అంకె తగ్గించుకుంటూ రండి. బండి కొన్న రోజే ఈ పని చేసి ఉంటే మీ పాత సర్వో పళ్లు కూడా మిగిలేవేమో.

నేరుగా బ్యాటరీకి కలపడం గురించి చెబుతానన్నాను. ఎప్పుడూ 2ఎస్ లైపో మాత్రమే వాడేవాళ్లు, సర్వో 8.4 తట్టుకుంటే, బీఈసీ లేకుండా బ్యాటరీ నుంచే ఇవ్వవచ్చు. మధ్యలో ఏ సర్క్యూటూ లేదు కాబట్టి కరెంటుకి కొదవ ఉండదు. కానీ ఒక్కసారి ఎవరైనా 3ఎస్ గుచ్చితే సర్వో పోతుంది. 4.35 దాకా చార్జ్ చేసే లైహెచ్‌వీ బ్యాటరీ 2ఎస్ అయినా 8.7కి వెళ్తుంది, అదీ వద్దు. ఇంకొకటి, ఇలా కలిపినా, బయటి బీఈసీ పెట్టినా, ఈఎస్‌సీ స్విచ్చి ఆపినంత మాత్రాన ఆ దారి ఆగదు. బ్యాటరీ గుచ్చి వదిలేస్తే రాత్రంతా కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటుంది. సెల్లు 3 వోల్టుల కిందికి పోతే లైపో మళ్లీ మామూలుగా కోలుకోదు. ఆట అయిపోగానే బ్యాటరీ పీకేయండి.

ప్రశ్న: నా షార్ట్ కోర్స్ రేసు ట్రక్కులో హాబీవింగ్ మ్యాక్స్10 ఎస్‌సీటీ ఈఎస్‌సీ ఉంది. బీఈసీని 6 నుంచి 7.4కి మార్చుకోవచ్చని ఉంది. హెచ్‌వీ సర్వో పెట్టి 7.4 చేద్దామనుకుంటున్నాను. వేరే బీఈసీ కావాలా? ఏమైనా కాలుతుందా? నేను వాడేది 2ఎస్.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆ ఈఎస్‌సీలో బీఈసీ 4 ఆంపియర్లది. పరుగు బండిలో చక్రాలు క్రాలర్‌లా ఇరుక్కోవు, గాల్లోకి లేచి దిగినప్పుడు క్షణకాలం మాత్రమే గట్టిగా లాగుతుంది. మధ్యరకం సర్వోకి వేరే బీఈసీ అక్కర్లేదు.

మార్చే ముందు రిసీవర్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో ఒక్కొక్కటీ పీకి చూడండి. సర్వో 8.4 దాకా అని ఉందా? రిసీవర్ ఎంతవరకు? ఈఎస్‌సీతో వచ్చిన ఫ్యాను బీఈసీ మీదే నడుస్తుంది, 6కీ 7.4కీ సరిపోయేలా చేశారు. మీరు తర్వాత కొని మోటారు మీద బిగించిన ఫ్యాను ఉంటే దాని స్టిక్కర్ చూడండి. 5 వోల్టులదైతే 7.4 మీద మొదట జోరుగా తిరుగుతుంది, కొన్నాళ్లకి బేరింగు అరిచి ఆగిపోతుంది. ఆ సంగతి మోటారు వేడెక్కాక గానీ తెలియదు. ఎల్ఈడీ లైట్ల కిట్టు, జైరో ఉంటే అవీ చూడాలి. వీటిలో ఏ ఒక్కటి తట్టుకోకపోయినా 6 దగ్గరే ఉంచండి. హెచ్‌వీ సర్వో 6 మీద చెడిపోదు, కొంచెం నెమ్మదిగా తిరుగుతుంది, బలం కాస్త తగ్గుతుంది, అంతే.

2ఎస్ వాడతానన్నారు కాబట్టి ఇంకో మాట. ఇలాంటి బీఈసీలు వోల్టేజీని దించుతాయే గానీ పెంచవు. మీరు 7.4 పెట్టినా, బ్యాటరీ సగం అయ్యాక థ్రాటిల్ గట్టిగా నొక్కితే ప్యాకే 7 దగ్గరికి పడుతుంది. అప్పుడు సర్వోకి అందేది 7 కన్నా తక్కువే. మొదటి ఐదు నిమిషాలు స్టీరింగ్ చురుగ్గా ఉండి, చివర్లో మందంగా అనిపిస్తే అది సర్వో తప్పు కాదు. ప్యాకు పాతబడి ఉంటే ఈ తేడా ఇంకా ఎక్కువ తెలుస్తుంది. అదే ఎల్ఎం2596 చిప్పు ఉన్న చవక బోర్డు పెట్టారనుకోండి, దానికి ఇన్‌పుట్ కంటే అవుట్‌పుట్ వోల్టున్నర దాకా తక్కువ ఉండాల్సిందే. 2ఎస్ మీద అది హెచ్‌వీ సర్వోకి 6 వోల్టులే ఇవ్వగలుగుతుంది.

ప్రశ్న: సర్వో తిప్పినప్పుడు రిసీవర్ ఆగిపోతుంటే పెద్ద కెపాసిటర్ ఒకటి ఖాళీ ఛానల్లో గుచ్చితే చాలంటున్నారు. గ్లిచ్ బస్టర్ అని అమ్ముతున్నారు కూడా. బీఈసీకి వేలు పోయడం కన్నా ఇది 100 రూపాయలు. నిజంగా పనిచేస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పనిచేసే చోట బాగా పనిచేస్తుంది. ఎంతసేపు పనిచేస్తుందో లెక్క వేద్దాం. మార్కెట్లో దొరికే పెద్దది 4700 మైక్రోఫారడ్ కండెన్సర్ (కెపాసిటర్‌కే ఇంకో పేరు) అనుకోండి. బీఈసీ ఇవ్వలేని 3 ఆంపియర్లు ఇది ఇవ్వాలి. వోల్టేజీ 6 నుంచి 4.5కి పడేదాకా రిసీవర్ బతికే ఉంటుంది, అంటే ఒకటిన్నర వోల్టు వాడుకోవచ్చు. 0.0047ని 1.5తో గుణించి 3తో భాగిస్తే 0.00235 సెకను. రెండు మిల్లీసెకన్ల పైచిలుకు.

సర్వో మోటారు కదలడం మొదలుపెట్టే ఆ తొలి కుదుపు అంత చిన్నదైతే కండెన్సర్ దాన్ని మింగేస్తుంది. పరుగు బండ్లలో, వేగంగా తిరిగే డిజిటల్ సర్వోలతో, ఈ చిన్న కుదుపులే రిసీవర్‌ని ఆపుతుంటాయి. అక్కడ నేను కూడా వాడతాను. స్పెక్ట్రమ్ రిసీవర్లు 3.5 వోల్టుల దాకా నిలబడతాయి కాబట్టి వాటితో ఇంకొంచెం సమయం దొరుకుతుంది. కానీ పైన ఖమ్మం అబ్బాయి బండిలా చక్రం ఇరుక్కుని అర సెకను, సెకను లాగుతుంటే రెండు మిల్లీసెకన్ల నిల్వ ఎందుకూ కొరగాదు. ల్యాబ్‌లో ఒకసారి ఆసిల్లోస్కోప్ పెట్టి చూశాం. కండెన్సర్ లేనప్పుడు గీత నిట్టనిలువుగా పడింది, పెట్టాక కొంచెం ఏటవాలుగా పడింది. చివరికి చేరింది అదే లోతుకి.

మీ బండి ఏదో రాయలేదు. మీరే పరీక్ష చేసుకోవచ్చు. బండిని స్టాండు మీద ఎత్తి, చక్రాలకి ఏమీ తగలకుండా స్టీరింగ్‌ని అటూ ఇటూ గబగబా తిప్పండి. అప్పుడే రిసీవర్ ఆగిపోతుంటే ముందు కండెన్సర్ పెట్టి చూడండి. నేల మీద, బరువు మీద ఉన్నప్పుడే ఆగిపోతుంటే బీఈసీ చాలడం లేదు.

కొనేటప్పుడు 16 వోల్టులది తీసుకోండి. 6.3 వోల్టులదీ అదే 4700 మైక్రోఫారడ్‌లో దొరుకుతుంది, పరిమాణం చిన్నదని దాన్ని ఇస్తారు. 7.4 పట్టీ మీద అది ఉబ్బి పగులుతుంది. ఎలక్ట్రోలిటిక్ కాబట్టి ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఒంటి మీద గీత ఉన్న వైపు మైనస్. కాళ్లు పొడవుగా వదలకుండా దగ్గరగా కోసి, స్లీవ్ తొడిగి, జిప్ టైతో కట్టేయండి.

ప్రశ్న: ఆంటీ, నాది డబ్ల్యూఎల్ టాయ్స్ 12428 బండి. స్టీరింగ్ సర్వో పళ్లు పోయాయి. యూట్యూబ్‌లో అందరూ మెటల్ గేర్ హెచ్‌వీ సర్వో పెడుతున్నారు. నేను కొన్న సర్వోకి మూడు వైర్లు ఉన్నాయి, నా బండి సర్వోకి ఐదు ఉన్నాయి. మిగిలిన రెండు ఎక్కడ కలపాలి?
– పదో తరగతి, తెనాలి

జవాబు: బాబూ, ఆ రెండూ ఎక్కడా కలపకు. మూడు వైర్ల సర్వో లోపల చిన్న బోర్డు ఉంటుంది. షాఫ్టు ఎంత తిరిగిందో చూసుకుని మోటారుని అదే నడుపుకుంటుంది. నీ బండి సర్వోలో ఆ బోర్డు లేదు. ఐదు వైర్లలో రెండు నేరుగా మోటారువి, మూడు షాఫ్టు కింద ఉండి అది ఎంత తిరిగిందో చెప్పే పొటెన్షియోమీటరువి. ఆలోచించే పని అంతా బండి మధ్యలో ఉన్న పెద్ద బోర్డు చేస్తుంది. రిసీవరూ ఈఎస్‌సీ కూడా ఆ బోర్డులోనే కలిసి ఉన్నాయి. మూడు వైర్ల సర్వోకి కావాల్సిన సిగ్నల్ అక్కడ ఎక్కడా బయటికి రాదు.

వీడియోల్లో వాళ్లు ఆ బోర్డు తీసేసి విడిగా రిసీవర్, ఈఎస్‌సీ, కొత్త ట్రాన్స్‌మిటర్ కొని పెడుతున్నారు. సర్వో ఖర్చు అందులో చిన్నది. ఇప్పుడు నీ బండి నడవాలంటే ఆ మోడల్‌కే దొరికే ఐదు వైర్ల సర్వోని, లేదా దాని గేర్ల సెట్టుని తెప్పించుకో. గేర్లే పోయి మోటారు బాగుంటే గేర్ల సెట్టు చాలు. నాలుగు స్క్రూలు విప్పే ముందు లోపల ఏ పన్ను ఏ వరుసలో ఉందో ఫోన్‌లో ఫొటో తీసుకో. పొటెన్షియోమీటరు నడిమధ్యలో ఉండగానే ఆఖరి గేరు బిగించు, లేకపోతే బండి ఒక పక్కకే పోతుంది.

కొన్న మూడు వైర్ల సర్వోని దాచుకో, పారేయకు. విడి రిసీవర్, ఈఎస్‌సీ కొనే రోజు వచ్చినప్పుడు దాని లేబుల్ మీద వోల్టులు, ఈఎస్‌సీ మీద బీఈసీ ఆంపియర్లు రెండూ ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఏది దేనికి కలపాలో గీసి పంపిస్తాను.